మాత్ర పనిచేసే గంటలో చూసి తేల్చేయకండి

కర్ణాటక రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్ గారికి నమస్కారం.

మాది హిందూపురం. ఉండేది బెంగళూరు మారతహళ్లిలో. మా నాన్నకు పార్కిన్సన్స్, అంటే చేతులు వణికి, కదలికలు మందగించే నరాల జబ్బు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో అదీ ఒకటి. కానీ కనీసం 40 శాతం వైకల్యం ఉందని సర్టిఫికెట్‌లో రాయకపోతే చాలా పథకాలకు అర్హత ఉండదు.

పొద్దున లేచాక చొక్కా గుండీ ఒక్కటి పెట్టుకోవడానికి పది నిమిషాలు అవస్థపడతారు. అమ్మ కాఫీ సగం గ్లాసే పోసి ఇస్తుంది, అయినా లుంగీ మీద ఒలుకుతుంది. ఈ జబ్బుకు వాడే లెవోడోపా మాత్ర పడ్డాక కాసేపు తేరుకుంటారు. ఆ శాతం తేల్చే మెడికల్ బోర్డు చూసింది సరిగ్గా అప్పుడే. మాత్ర వేసుకోకపోతే అసలు ఆటో ఎలా ఎక్కుతారండీ? నాలుగడుగులు నడిపించి 30 శాతం రాసేశారు.

ఇంటికొచ్చాక నాన్న, "నేను బాగా నడిచినందుకేనామ్మా?" అని అడిగారు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.

అయ్యా, మాత్ర ప్రభావం తగ్గాక కూడా ఒకసారి చూడమని, న్యూరాలజిస్టు రాసిన ఫైలు పూర్తిగా చదవమని బోర్డులకు రాతపూర్వకంగా చెప్పండి. మేం అప్పీలు పెట్టుకున్నాం. ఈసారి నాన్నను పొద్దున్నే, మాత్రకు ముందు చూడనివ్వండి.

ఇట్లు,
ఒక కూతురు, బెంగళూరు