ట్రైలరు తగిలించడం మానేశాను

పోయిన నెల మీ ఇళ్ల సామాన్లు చేరవేసే మా ట్రైలరు స్పీడ్‌బ్రేకర్ మీద పికప్ నుంచి ఊడిపోయిన సంగతి మీలో కొందరికి ఇప్పటికే చేరింది, చిలవలు పలవలతో సహా. బోల్తా పడలేదు. ఎవరికీ దెబ్బ తగలలేదు. కింద ఒకదాని మీదుగా ఒకటి దాటించి కట్టిన రెండు గొలుసులు దాని మూతి నేలను తాకకుండా పట్టుకున్నాయి. ఒక బీరువా తలుపు సొట్టపోతే కొత్తది వేయించి ఇచ్చాను.

బండి వెనక హిచ్ బంతి, అంటే ట్రైలరు తగిలించే ఇనుప గుండు, అరిగిందని కొత్తది తెప్పించాను. ఆ బంతి మీద కూర్చునే ట్రైలరు మూతిలోని గిన్నెను కప్లర్ అంటారు. మా కప్లర్‌కు పట్టేది 50.8 మిల్లీమీటర్ల బంతి, దుకాణదారు పంపింది 47.6. చిన్న బంతి మీద పెద్ద కప్లర్ బుద్ధిగా కూర్చుంటుంది, లాక్ కూడా టక్కున పడుతుంది. ఎగిరిపడ్డప్పుడే అసలు గుట్టు బయటపడుతుంది. పదిహేనేళ్లుగా ఆయన దగ్గరే కొంటున్నాను. అడిగితే "లాక్ పడింది కదా!" అన్నాడు. ఆ మాట నాకింకా మింగుడు పడటం లేదు. అట్టపెట్టె మీద 50.8 అనే ఉంది, దాచి ఉంచాను. బంతి తల మీద కూడా సైజు చెక్కి ఉంటుంది. గ్రీజు పూసే ముందు అది చదవనిది మాత్రం నేనే.

సరైన బంతి వేయించాను. అయినా మూడు వారాలు ట్రైలరు చుట్టూ తిరిగి, తగిలించకుండానే వెనక్కి వచ్చాను. దాని మొత్తం బరువులో పది నుంచి పదిహేను శాతం మూతి మీద పడాలి. వెనక బరువెక్కితే తోక ఊపడం మొదలుపెడుతుంది, వేగం పెరిగితే బండినీ ఊపేస్తుంది. అంతా సర్ది తాడు బిగించాక "ఈ వాషింగ్ మెషీన్ ఒక్కటీ చివర పెట్టేయండి" అంటారు మీరు. కాదనలేక పెట్టేవాణ్ని.

పైగా లాభమూ అనుకున్నంత లేదు. మా పికప్ మోసేది 700 కిలోలు. ఇద్దరు మనుషులకే 140 పోతాయి. 900 కిలోల ట్రైలరు తగిలిస్తే మూతి బరువు మరో 90 నుంచి 135 వరకు అందులోంచే పోతుంది. లెక్క చూడకుండా నింపితే వెనక కమాను పట్టీలు కుంగి, ముందు చక్రాలు తేలికై, స్టీరింగ్ చేతికి చిక్కదు.

అందుకే ఇకపై బండిలోనే, ట్రిప్పుకు 550 కిలోలు మించకుండా, బరువైనవి క్యాబిన్‌కు ఆనించి. ఇప్పటికే మాట్లాడుకున్నవాళ్లకు రెండో ట్రిప్పు డబ్బులు తీసుకోను. ఒక్క ట్రిప్పులోనే అయిపోవాలంటే ఇంకొకరిని పిలుచుకోండి, ఏమీ అనుకోను. కొంచెం అనుకుంటానేమో.

నేను భయపడ్డానని ఎవరో అంటున్నారట. ట్రైలరును రివర్సులో ఇరుకు సందులోకి నాలా దూర్చి చూపించమనండి, అప్పుడు మాట్లాడదాం. దాన్ని అమ్మలేదు. షెడ్డు వెనక ఇటుకల మీద ఉంది. ఎంతకిస్తావని అడగకండి.