పాప నడుస్తోంది. ఆ టైలరప్పకి, మీ అందరికీ దండాలు

ఇవాళ మా పాప ఎవరి చెయ్యీ పట్టుకోకుండా గది దాటి వీధరుగు దాకా నడిచింది. ఇంకా కొంచెం ఒరుగుతోంది, అదీ మెల్లగా పోతుందని డాక్టరుగారు చెప్పారు. ఒళ్లు హూనమైపోయింది కానీ ఇది రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

తెలియని వాళ్లకి చెప్తున్నాను. పాపకి పుట్టుకతోనే ఎడమ తుంటి కీలు సరిగ్గా లేదు. తొడ ఎముక గుండు గిన్నెలో ఉండాల్సింది, బయటికి జారిపోయి ఉంది. డీడీహెచ్ అంటారు. నడక వచ్చాక గానీ కుంటు బయటపడలేదు. ఏడాదిన్నర దాటాక విశాఖలో ఆపరేషన్ చేసి ఆ గుండుని గిన్నెలో కూర్చోబెట్టారు. ఆ తర్వాత పొట్ట దగ్గర్నుంచి పాదాల దాకా సిమెంటు కట్టు. కాళ్లు కప్ప కాళ్లలా ఎడంగా, మధ్యలో అడ్డంగా ఒక కర్ర.

మా ఆయన, అమ్మ, అత్తయ్య, మరిది వంతులేసుకుని చూసుకున్నారు. వాళ్లకి నేను వేరే చెప్పక్కర్లేదు.

చెప్పాల్సింది ఆ టైలరప్ప గురించి. ఆ కట్టు మీద ఏ గౌనూ పట్టదు. పిల్లని తువ్వాలు చుట్టే తిప్పేవాళ్లం. ఒకసారి చెకప్‌కి వెళ్లి, ఓపీ తెరిచేదాకా ఎదురు సందులో ఒక టైలర్ షాపు మెట్ల మీద కూర్చున్నాను. తువ్వాలు జారుతుంటే మాటిమాటికీ సర్దుతున్నాను. లోపల్నుంచి ఆవిడ కాసేపు చూసి, మెడలో టేపుతో బయటికొచ్చి, "కొలతలు తీసుకోనా అమ్మా?" అంది. కట్టు చుట్టుకొలత, ఆ కర్ర పొడవు, అన్నీ పిల్లకి చెయ్యి తగలకుండా కొలిచింది. డాక్టరుకి చూపించుకుని వచ్చేసరికి గౌను తయారు. మెత్తటి కాటన్, పసుపు మీద చిన్న చిన్న ఎర్ర పూలు. పక్కలు కుట్టెయ్యకుండా చంక దగ్గర్నుంచి కింది దాకా నాడాలు పెట్టింది, పిల్లని లేపకుండానే తొడగొచ్చు. డైపర్ మార్చేటప్పుడు ముందు భాగం పైకి మడిచి కట్టుకోవడానికి ఇంకో నాడా.

డబ్బులివ్వబోతే, "పెళ్లి జాకెట్లకి తీసుకుంటానమ్మా, దీనికా?" అంది. ఆ మెట్ల మీదే బోరుమని ఏడ్చేశాను. ఆపరేషన్ థియేటర్ తలుపులు మూసినప్పుడు కూడా అంత ఏడవలేదు. అప్పటిదాకా అందరూ పిల్లని చూసి అయ్యో పాపం అనేవాళ్లే. ఆడపిల్లకి ఒక మంచి గౌనుండాలని ఆవిడకే తోచింది. మళ్లీ వెళ్లేసరికి ఇంకో రెండు కుట్టి ఉంచింది. తన పేరు ఎక్కడా రాయొద్దంది, అందుకే రాయట్లేదు.

ఒక్క విషయం మాత్రం అనకుండా ఉండలేను. ఆడపిల్ల, తొలి కాన్పు, పైగా ఎదురుకాళ్లు. ఇలాంటి పిల్లల్లోనే ఈ సమస్య ఎక్కువని డాక్టర్లే చెప్తారు. ఎదురుకాళ్లని డిశ్చార్జ్ కాగితంలో రాశారు కూడా. అయినా పుట్టిన ఆసుపత్రిలో ఒక్కరూ తుంటి స్కాన్ చేయించమనలేదు. మొదటి నెలల్లోనే తెలిసుంటే చాలామందికి కోత లేకుండా బెల్టులతోనే, అదే పావ్లిక్ హార్నెస్‌తో, సరిపోతుందట. పిల్లల్లో లోపాలు ముందే కనిపెట్టడానికి కేంద్రం పెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో వచ్చింది, అందులో చూడాల్సిన పుట్టుక లోపాల్లో ఈ తుంటి సమస్య కూడా ఉంది. జాబితాలో ఉంటే సరిపోతుందా? పిల్ల తొడలు విడదీసి చూడ్డానికి ఎంతసేపు పడుతుంది? కుంటుతోందని చూపిస్తే, "నడక కొత్త కదమ్మా, అదే సర్దుకుంటుంది" అని పంపేశారు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. మీ ఇళ్లలో ఎదురుకాళ్ల బిడ్డ పుడితే నెలా నెలన్నరలో మీరే అడిగి స్కాన్ చేయించండి. కాళ్లు చాపి బిగించి గుడ్డ చుట్టకండి, చక్కగా చంకనెత్తుకోండి.

ఆపరేషన్ చేసిన డాక్టరుగారికి, మత్తు డాక్టరమ్మకి, పాప ఏడిస్తే తనూ నేల మీద పాకి చూపించిన ఫిజియోథెరపీ సార్‌కి చేతులెత్తి దండం. కట్టులో ఉన్న కర్ర పట్టుకుని పిల్లని ఎత్తకూడదని మొదటిరోజే నేర్పిన వార్డు ఆయమ్మకీ.

అయ్యో, రక్తం ఇచ్చిన కాలేజీ కుర్రాడు! పరీక్ష రాసి తిన్నగా బ్లడ్ బ్యాంక్‌కి వచ్చాడు. గోతులన్నీ తప్పించుకుంటూ నెమ్మదిగా తీసుకెళ్లిన ఆటో తాతా, మీకు కూడా. పక్క మంచం మామ్మగారూ, మీ మనవడికి కట్టు విప్పాక ఫోన్ చెయ్యండి.

ఇప్పుడు గుర్తొచ్చింది, మా అంగన్‌వాడీ టీచరుగారు! కట్టు ఉన్నన్నాళ్లూ పాప గుడ్లు, పాలు ఇంటికే తెచ్చిచ్చారు. థాంక్యూ టీచరుగారూ.