పరీక్షలో ట్రాన్స్‌పోజ్ బటన్ మీద టేపు వేయండి: సాంస్కృతిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను రాజమహేంద్రవరంలో కీబోర్డు పాఠాలు చెప్పుకుని బతికే మాస్టారిని. ఆదివారం పొద్దున చర్చిలో, పెళ్లిళ్ల సీజన్‌లో ఆర్కెస్ట్రాలో, ఎవరైనా పిలిస్తే పద్యనాటకాల్లో వాయిస్తుంటాను. మీ శాఖ నడిపే సంగీత కళాశాలల గురించి ఒక్క కోరిక చెప్పుకోవడానికే ఈ లేఖ. గాత్రం నేర్చుకునేవాళ్లయినా, వీణ, వయొలిన్, మృదంగం, నాదస్వరం నేర్చుకునేవాళ్లయినా, ప్రతి విద్యార్థికీ ఎలక్ట్రానిక్ ఆర్గాన్‌ని రెండో వాద్యంగా తప్పనిసరి చేయండి. మొదటి వాద్యంగా పెట్టమని నేను అడగడం లేదు. ఎందుకో కింద చెప్తాను.

ఆర్గాన్ అంటే మీ ఆఫీసులో చాలామందికి పెళ్లి స్టేజి మీద ఇనుప స్టాండుకి పెట్టిన కీబోర్డే గుర్తొస్తుంది. అది దీని చిన్న తమ్ముడు. అసలు ఎలక్ట్రానిక్ ఆర్గాన్‌కి రెండు వరసల మెట్లు (వేళ్లతో నొక్కే కీలు) ఉంటాయి, కింద కాళ్లతో వాయించే మెట్లు వేరే ఉంటాయి. 1935లో అమెరికాలో లారెన్స్ హేమండ్ తన ఆర్గాన్‌ని అమ్మకానికి పెట్టినప్పుడు పైన 61 మెట్ల వరసలు రెండు, కింద 25 పెడల్ మెట్లు ఉండేవి. గోడంత పైపు ఆర్గాన్ కొనే స్తోమత లేని చర్చిలు దాన్ని ఎగబడి కొన్నాయి. జపాన్‌లో యమహా వాళ్లు 1959లో ఎలక్టోన్ పేరుతో తమ ఆర్గాన్ తెచ్చారు, దాని చుట్టూ సంగీత పాఠశాలలే నడిపారు.

దాని ముందు కూర్చున్న పిల్లకి ఏం పని పడుతుందో చూడండి. కుడి చెయ్యి పాట వాయిస్తుంది. ఎడమ చెయ్యి కింది వరస మీద స్వరాల గుంపు పట్టుకుంటుంది, అంటే కార్డు. ఎడమ కాలు బేస్, అంటే అడుగున మోగే లోతైన స్వరాలు నడుపుతుంది. కుడి కాలు ఎక్స్‌ప్రెషన్ పెడల్ మీద ఉండి శబ్దాన్ని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. పియానోలో మెట్టు నొక్కాక ధ్వని దానంతటదే సన్నగిల్లుతుంది. ఆర్గాన్‌లో అలా కాదు, వేలు తీసేదాకా అదే బలంతో మోగుతూ ఉంటుంది. కాబట్టి స్వరం ఎప్పుడు మొదలుపెట్టాలన్నదే కాదు, ఎప్పుడు ఆపాలన్నదీ నేర్చుకోక తప్పదు. మన దగ్గర పదేళ్లు గాత్రం నేర్చుకుని బయటికొచ్చిన పిల్లల్లో చాలామంది బేస్‌ని విడిగా విని ఉండరు. పాట కింద ఇంకో పాట నడుస్తోందని వాళ్ల చెవికి ఎవరూ చెప్పలేదు. ఆర్గాన్ దగ్గర ఆ కింది పాటని వాళ్ల కాలే వాయించాలి, తప్పించుకునే దారి లేదు.

ముత్తుస్వామి దీక్షితార్ దాదాపు రెండొందల ఏళ్ల కిందటే ఇంగ్లీషు బ్యాండు వరసలకు సంస్కృతంలో సాహిత్యం కట్టారు. వాటినే నోటుస్వరాలు అంటాం. అన్నీ శంకరాభరణమే. వీటిలో ఒకటి ఇచ్చి, కుడి చేత్తో వరస, ఎడమ చేత్తో మూడే మూడు కార్డులు, కాలితో స, మ, ప వాయించమనండి. వారం తిరక్కుండానే ఆ పిల్ల ‘ఈ చోట మ బాగోలేదు మాస్టారూ, ప పెడదామా’ అని అడుగుతుంది. ఆ ప్రశ్న వేసిన పిల్ల స్వరకల్పనలో అడుగు పెట్టినట్టే. కీర్తన కంఠస్థం చేయించి పరీక్ష పెడితే ఇలాంటి ప్రశ్న పుట్టదు.

ఇంకో సంగతి, ఇది నాకు చాలా ఇష్టమైనది. హేమండ్ ఆర్గాన్‌లో మెట్ల పైన తొమ్మిదేసి డ్రాబార్లు, అంటే ముందుకు లాగే పట్టీలు, గుంపుగా ఉంటాయి. ఇవాళ మంచి కీబోర్డుల్లోనూ తెర మీద ఆ తొమ్మిదీ కనిపిస్తాయి. ఒక్కో బార్ లాగితే అసలు స్వరానికి ఒక్కో అనుస్వరం, అంటే దానితో పాటు సన్నగా మోగే ఇంకో స్వరం కలుస్తుంది. మూడో బార్ ఒక్కటే లాగి మంద్ర షడ్జమం (కింది స్థాయి స) పట్టుకోండి, సాదా స్వరం వస్తుంది. ఇప్పుడు ఏడో బార్‌ని మెల్లగా లాగండి. రెండు స్థాయిల పైన అంతర గాంధారం (శంకరాభరణంలో వచ్చే గ) లేచి నిలబడుతుంది. మరికాస్త సేపు వింటే అది విడిగా వినిపించడం మానేసి ఆ షడ్జమం రంగులోనే కలిసిపోతుంది. ఇప్పుడు తంబూరా తెప్పించి మంద్ర షడ్జమం తీగ మీటండి. అక్కడా అదే గాంధారం. మన పెద్దలు స్వయంభూ గాంధారం అన్నది దీన్నే. తంబూరా వెనక కూర్చుని గురువుగారు ‘వినిపిస్తోందా?’ అని అడిగితే వినిపించకపోయినా తలూపిన పిల్లలు, ఆ బార్ లాగి తోసి చూస్తే నిజంగానే వింటారు.

అక్కడితో అయిపోలేదు. రెండు గాంధారాలూ పక్కపక్కన వినండి. ఆర్గాన్ గాంధారం కొంచెం పైన ఉంటుంది. ఒక అర్ధస్వరాన్ని 100 భాగాలు చేస్తే దాదాపు 14 భాగాలు ఎక్కువ. పన్నెండు మెట్లనీ సమానంగా పంచుకోవాలని పాశ్చాత్యులు చేసుకున్న సర్దుబాటు అది. ఇవాళ్టి కీబోర్డుల్లో చాలావాటికి స్కేల్ ట్యూన్ అని ఒక సదుపాయం ఉంటుంది, ఆ ఒక్క మెట్టునీ 14 భాగాలు దించుకోవచ్చు. దించాక తంబూరాతో కలిపి వాయించండి, గాంధారం తంబూరాలోకి ఇంకిపోతుంది. శ్రుతి జ్ఞానం అని ఏళ్ల తరబడి చెప్పుకునే దాన్ని ఒక మధ్యాహ్నం పూట చెవికి అందించే పాఠం ఇది. నేను కళాశాల నడిపిస్తే మొదటి నెలలోనే ఈ పాఠం పెడతాను.

ఇక విద్వాంసుల అభ్యంతరం నాకు తెలుసు. మెట్ల వాద్యంలో గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ జారుస్తూ పలికించడం, రాదు. నిజమే. తోడి రాగంలో గాంధారం ఒక మెట్టు మీద నిలబడే స్వరమే కాదు. స్వరాన్ని పైకీ కిందికీ వంచే పిచ్ బెండ్ చక్రం తిప్పుతూ కీబోర్డు మీద కర్ణాటక కచేరీలు చేసేవాళ్లున్నారు, వాళ్ల శ్రమకి దండం పెడతాను. కానీ అది పిల్లలందరికీ పెట్టే పాఠం కాదు. అందుకే రెండో వాద్యం అన్నాను. గమకం గొంతులో, వీణ మీద నేర్చుకోవాలి. ఆర్గాన్ మీద మిగతా సంగీతమంతా నేర్చుకోవాలి. మెట్టు మీద రాని స్వరం ఏదో తెలిసిన పిల్లకి గమకం విలువ ఇంకా బాగా తెలుస్తుంది.

పరాయి వాద్యం అనే మాటకైతే నేను జవాబు చెప్పాల్సిన పని లేదు. వయొలిన్‌ని తెచ్చుకుని మనదే చేసుకున్నాం, విజయనగరం సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామినాయుడు గారు నేర్పింది అదే కదా. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ కరెంటు మాండలిన్ మీద కచేరీ చేస్తే దేశమంతా కూర్చుని వింది. హార్మోనియంని 1940లో ఆలిండియా రేడియో నిషేధించి, 1971 దాకా ఆ నిషేధం సడలించలేదు. ఆ ముప్పై ఏళ్లూ తెలుగు పద్యనాటకం హార్మోనియం మీదే నడిచింది.

ఆ హార్మోనిస్టుల గురించి రెండు మాటలు రాయకుండా ఉండలేను. కురుక్షేత్రం నాటకంలో కృష్ణుడు ఒక శ్రుతిలో పాడతాడు, అర్జునుడు ఇంకో శ్రుతిలో. ద్రౌపది వేషం వేసే ఆవిడది మరోటి. రాత్రంతా హార్మోనిస్టు ఒకటిన్నర శ్రుతి నుంచి నాలుగు శ్రుతికి, నాలుగు నుంచి ఐదుకి వేళ్లు మార్చుకుంటూ, పద్యం చివర రాగం సాగదీసే నటుడి వెంటే పోతూ, వన్స్‌మోర్ పడితే మళ్లీ ఎత్తుకోవాలి. వాళ్లలో చాలామందికి నొటేషన్ రాదు. కానీ ఏ శ్రుతిలో ఎత్తినా మోహన ఎక్కడ పట్టుకోవాలో వేళ్లకి తెలుసు. ఇవాళ నా దగ్గరకొచ్చే పిల్లలు అన్ని పాటలూ ఒకటి శ్రుతి మెట్ల మీదే నేర్చుకుని, ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కేసి పాడేవాళ్ల శ్రుతికి మార్చుకుంటారు. స్టేజి మీద అవసరానికి అది సాయమే, నేనూ నొక్కుతాను. నేర్చుకునే రోజుల్లో మాత్రం ఆ బటన్ చెవినీ వేళ్లనీ పాడు చేస్తుంది.

చర్చిల సంగతి మీ శాఖ దృష్టికి ఎప్పుడైనా వచ్చిందో లేదో. గోదావరి జిల్లాల్లో, గుంటూరు, ప్రకాశం వైపు చిన్న పల్లెలో కూడా చర్చిలో కీబోర్డు వాయించే కుర్రాడు ఒకడుంటాడు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాట పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి గారు 19వ శతాబ్దంలో రాసిన కీర్తనలు మన రాగాల్లోనే పాడుకుంటారు. వాటికి కార్డులు పెట్టాలంటే రాగం చెడకుండా ఏ కార్డు పడుతుందో తెలియాలి. ఆ కుర్రాడు దీన్ని ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, తప్పులు చేసుకుంటూ తానే పట్టుకున్నాడు. మీ కళాశాల అతనికి తలుపు తెరిస్తే సగం దూరం నడిచొచ్చిన విద్యార్థి దొరికినట్టే.

నగరాల్లో స్తోమత ఉన్న పిల్లలు ట్రినిటీ కాలేజ్ లండన్ వాళ్ల ఎలక్ట్రానిక్ కీబోర్డు గ్రేడులు రాస్తున్నారు. తల్లిదండ్రులకి సర్టిఫికెట్ టెన్షన్ ఎక్కువే, అది పక్కన పెడితే ఆ పరీక్షల్లో ముందుగా చూడని నొటేషన్ చదివి వాయించడం, చెవితో గుర్తుపట్టడం, అప్పటికప్పుడు కల్పించి వాయించడం లాంటి అంశాలున్నాయి. యమహా వాళ్ల గ్రేడు పరీక్షల్లోనైతే చిన్న స్వరాల తునక ఇచ్చి అక్కడికక్కడే దాన్ని పెంచి వాయించమంటారు. మన మనోధర్మం కూడా అదే పని కదా. ప్రభుత్వ కళాశాలకి వచ్చే పేద పిల్లకి మాత్రం ఈ అవకాశం ఎందుకు ఉండకూడదు?

సినిమాటోగ్రఫీ కూడా మీ చేతిలోనే ఉంది కాబట్టి ఈ మాట. రాజ్-కోటి దగ్గర తెలుగు సినిమాలకి కీబోర్డు వాయించిన దిలీప్ అనే కుర్రాడే తరవాత ఎ.ఆర్. రెహమాన్ అయ్యాడు. కీబోర్డు ముందు కూర్చున్నవాడికి వయొలిన్ల వరస, ఫ్లూట్, బేస్, తాళం అన్నీ ఒక్కడే ఆలోచించాల్సొస్తుంది. ఇవాళ రికార్డింగ్ గదిలో పని దొరికేది అలాంటి వాళ్లకే. గాత్రంలో డిప్లొమా చేతబట్టుకుని వచ్చిన పిల్లకి ‘ఈ పల్లవికి కార్డులు రాసుకురామ్మా’ అంటే నోట మాట రాదు. ఆ పిల్ల తప్పేం లేదు, మనం నేర్పలేదు.

ఇప్పుడు ఖర్చు. రెండు వరసల ఆర్గాన్లు దిగుమతి చేసుకుంటే లక్షలవుతాయి, నేను అది అడగను. 61 మెట్ల కీబోర్డులు రెండు ఒకే స్టాండు మీద కిందా పైనా పెట్టి, మిడి (వాద్యాలని ఒకదానితో ఒకటి కలిపే పద్ధతి) ఉన్న పెడల్ బోర్డు ఒకటి కలిపితే ఆర్గాన్ తయారు. కళాశాలకి ఇలాంటివి నాలుగు, విడి కీబోర్డులు పది, అన్నిటికీ హెడ్‌ఫోన్లు ఉంటే చాలు. హెడ్‌ఫోన్లు మరిచిపోకండి, లేకపోతే పక్క గదిలో వీణ మాస్టారు నా మీద కేసు పెడతారు. టెండరులో టచ్ సెన్సిటివ్ (నొక్కే బలాన్ని బట్టి పలికే) మెట్లు, స్కేల్ ట్యూన్, పిచ్ బెండ్, మిడి అని స్పష్టంగా రాయించండి. ధర తక్కువని బొమ్మ కీబోర్డులు కొంటే ఈ లేఖంతా వృథా.

కొనడం కంటే పెద్ద చిక్కు నేర్పేవాళ్లు. మా వైపు ఒక బడికి ఎప్పుడో కీబోర్డులు వచ్చాయి. నేర్పే మనిషి లేక బీరువాలో పెట్టారు. నన్ను పిలిచి చూపించేసరికి రెండింటికి అడాప్టర్లు పోయాయి, ఒకదానిలో చీమలు గూడు పెట్టాయి. ఆ హెడ్‌మాస్టరు గారిది తప్పు అనను, ఆయనకి నేర్పే మనిషిని ఎవరూ ఇవ్వలేదు. అందుకని నియామకాల్లో డిగ్రీ ఒక్కటే చూడకండి. అభ్యర్థిని కూర్చోబెట్టి, తెలియని వరస ఒకటి పాడి, ఏ శ్రుతిలోనైనా దానికి కార్డులు పెట్టమనండి. ఆ పరీక్ష గెలిచే నాటకాల హార్మోనిస్టులు, చర్చి ఆర్గనిస్టులు, ఆర్కెస్ట్రా కళాకారులు మన జిల్లాల్లో బోలెడుమంది ఉన్నారు. వాళ్లకి నొటేషన్, పాఠ్యక్రమం నేర్పడానికి వేసవిలో ఒక శిక్షణ పెడితే సరిపోతుంది.

విద్యార్థుల పరీక్ష కూడా ఇలాగే ఉండాలి. కంఠస్థం చేసిన పాట ఒకటి, చాలు. మిగతా మార్కులు అప్పుడే ఇచ్చిన వరసకి కార్డులు, బేస్ కట్టడానికి, పక్కన పాడే పిల్ల వెంట వాయించడానికి, తంబూరాతో గాంధారం సరిచేసుకోవడానికి. పరీక్ష గదిలో ట్రాన్స్‌పోజ్ బటన్ మీద మాత్రం టేపు అంటించండి.

రాష్ట్రమంతా ఒకేసారి అక్కర్లేదు. వచ్చే విద్యా సంవత్సరం విజయనగరంలోనో, విజయవాడ ఘంటసాల కళాశాలలోనో మొదలుపెట్టి, రెండేళ్లు నడిపాక మిగతా చోట్లకి తీసుకెళ్లండి. పాఠ్యక్రమం ముసాయిదా నేనూ, నాటకాల్లో, చర్చిల్లో వాయించే నా మిత్రులూ కూర్చుని రాసిస్తాం, దానికి పైసా అడగం. మీ కార్యాలయం ఏ రోజు రమ్మంటే ఆ రోజు వస్తాం. ఆదివారం పొద్దున తప్ప.

ఇట్లు,
ఒక కీబోర్డు మాస్టారు,
రాజమహేంద్రవరం