నాన్న చెప్పనివ్వని మాట

ఒరేయ్,

'వందనాలు' అని మొదలుపెడితే నువ్వు నవ్వుతావని తెలుసు, అందుకే ఇలా. నీ ఉత్తరం చేరి మూడు వారాలైంది. ఫోన్ చేసి చెప్పేద్దామనే అనుకున్నాను గానీ, ఫోన్లో నువ్వు ఎవరినీ మాట పూర్తి చేయనివ్వవు కదా. కాగితం మీదైతే అడ్డుపడలేవు.

నువ్వు అడిగింది ఒక్క ముక్క. 'దేవుడు ప్రేమిస్తాడని నాకు తెలుసురా, కానీ ఆ ప్రేమ నన్ను తాకట్లేదు. నన్నే తాకనిదాన్ని ఇంకొకరికి ఏం పంచను?' సంఘంలో ఎవరినడిగినా ఇంకా ప్రార్థన చెయ్యమంటారు, ఉపవాసం ఉండమంటారు. అందులో తప్పేం లేదు, నాకూ అవే చెప్పారు, నేనూ చేశాను. కానీ నువ్వడిగేది సలహా కాదు, నాకేం జరిగిందో చెప్పమని. చెప్తాను. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టు.

నేను సండే స్కూల్లో పన్నెండేళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి. 'దేవుడు ప్రేమాస్వరూపి' అని బోర్డు మీద గుండ్రటి అక్షరాలతో రాసి, పిల్లలచేత గట్టిగా చదివించేవాణ్ణి. ఇంటికొచ్చి ఆ దేవుడి ముందే మోకరిస్తే మాత్రం లోపల ఒకటే టెన్షన్. పై అధికారి గదిలోకి ఫైలు పట్టుకుని వెళ్ళినట్టుండేది. ఈ వారం ఎన్ని అధ్యాయాలు చదివాను, ఎవరి మీద అరిచాను, ఏ రోజు ప్రార్థన ఎగ్గొట్టాను... లెక్క అప్పజెప్పి, ఆమేన్ అనేసి, బయటపడేవాణ్ణి. అదే భక్తి అనుకున్నాను.

లెక్క తప్పింది లూకా సువార్త 15వ అధ్యాయం దగ్గర. తప్పిపోయిన కుమారుడి కథ, ఆస్తిలో తన వాటా పట్టుకుపోయి, అంతా తగలేసి, చివరికి పందులు మేపుకునే స్థితికొచ్చిన చిన్నకొడుకుది. నీకు తెలియనిదేం కాదు, ఎన్నిసార్లు విన్నామో మనకే గుర్తులేదు. రెండేళ్ళ కిందట ఒక రాత్రి మర్నాటి పాఠం కోసం పెన్సిల్ పట్టుకుని చదువుతుంటే ఒక చిన్న సంగతి కంటపడింది. పందుల దగ్గర కూర్చుని ఆ కుర్రాడు ఇంటికెళ్ళి నాన్నతో ఏం చెప్పాలో ముందే తయారుచేసుకుంటాడు. ఆ మాటల్లో మూడు ముక్కలున్నాయి. పాపం చేశాను. నీ కొడుకుననిపించుకోవడానికి తగను. నన్ను నీ కూలివాళ్ళలో ఒకడిగా పెట్టుకో. దారంతా నెమరువేసుకుంటూ వచ్చి ఉంటాడు, పరీక్షకు వెళ్ళే పిల్లాడిలా.

తీరా నాన్న ముందు నిలబడ్డాక ఏం చెప్పాడో చూడు. 21వ వచనం. మొదటి రెండు ముక్కలున్నాయి. మూడోది లేదు! నేను పెన్సిల్‌తో రెండు వచనాల పక్కనా గీతలు పెట్టి మళ్ళీ మళ్ళీ పోల్చాను. కూలివాడి మాట నోటిదాకా వచ్చే ఉంటుంది. అప్పటికే నాన్న పనివాళ్ళ వైపు తిరిగి వస్త్రం తెండి, ఉంగరం పెట్టండి, చెప్పులు తొడగండి అంటున్నాడు. ఆ ఒక్క వాక్యం ఆయన వాణ్ణి చెప్పనివ్వలేదు. పైగా కౌగలించుకున్నది వాడు నోరు తెరవకముందే. స్నానం కాలేదు, బట్టలు మారలేదు, పందుల వాసన అలాగే ఉంది. 'వాడింక దూరముగా ఉన్నప్పుడు తండ్రి వానిని చూచి కనికరపడి, పరుగెత్తి' అని ఉంది కదా, ఆ పరుగంతా వాడి క్షమాపణ వినకముందు పెట్టిన పరుగే.

అప్పుడు అర్థమైంది, పన్నెండేళ్ళుగా నేను రోజూ రాత్రి చెబుతున్నది ఆ మూడో వాక్యమేనని. కూలివాడిగా పెట్టుకో, పని చేస్తాను, లెక్క చెబుతాను, నన్ను గెంటెయ్యకు. ఆయన వినదలుచుకోని మాట అదొక్కటే. వెలుగులేవీ కనపడలేదురా, ఎవరి గొంతూ వినపడలేదు. పెన్సిల్ పక్కన పెట్టేసి చాలాసేపు కూర్చున్నాను. ఆ రాత్రి లెక్క చెప్పకుండానే పడుకున్నాను. అలా నిద్రపోయి ఎన్నాళ్ళైందో!

ఇప్పుడు నీ అనుమానం నాకు తెలుసు. 'అది నీకు తగిలింది సరే, తగలనివాడి సంగతేంటి?' నాకూ ఆ తర్వాత పొడి రోజులు చాలా వచ్చాయి. బైబిలు తెరిస్తే అక్షరాలే కనిపించే రోజులు. అలాంటప్పుడు యెషయా 49వ అధ్యాయం దగ్గరకు పోతాను. 'చూడుము నా యరచేతులమీదనే నిన్ను చెక్కియున్నాను' అన్న మాట గోడల మీద, క్యాలెండర్ల మీద అందంగా రాసి పెట్టుకుంటాం. దాని పైన రెండు వచనాలు వెనక్కి వెళ్ళి చూడు. సీయోను, అంటే యెరూషలేము, ఏడుస్తోంది, దేవుడు నన్ను విడిచిపెట్టాడు, మరచిపోయాడని. ఆ ఏడుపుకి జవాబే అరచేతి మాట. ఆయన ప్రేమ తెలుస్తూ ఉన్నవాళ్ళతో చెప్పిన మాట కాదది, తాకట్లేదని గొడవ పెట్టుకున్నవాళ్ళతో చెప్పింది. నీలాంటివాళ్ళతో అన్నమాట.

ఇంకొకటి. ఎఫెసు సంఘానికి రాసిన ఉత్తరంలో (ఎఫెసీ పత్రిక) పౌలు క్రీస్తు ప్రేమకు వెడల్పు, పొడుగు, లోతు, ఎత్తు అని నాలుగు కొలతలు చెప్పి, వెంటనే అది జ్ఞానానికి మించినదంటాడు. ఆ నాలుగు కొలతల మీద నేను విన్నన్ని ప్రసంగాలు ఇంకెవరూ విని ఉండరు, ఒక్కొక్క కొలతకి ఒక్కో గంట. పౌలేమో ఆ అధ్యాయం మొదట్లోనే నేను ఖైదీనని చెప్పుకున్నాడు. నాలుగు గోడల మధ్య కూర్చుని కొలతకందని దాని గురించి రాశాడు. కానీ నాకు నచ్చిన మాట అది కాదు. 'సమస్త పరిశుద్ధులతో కూడ', అంటే విశ్వాసులందరితో కలిసి, గ్రహించాలి అంటాడు. ఒంటరిగా కూర్చుని ముందు నేను పూర్తిగా అనుభవించి, ఆ తర్వాత మిగిలింది పంచుతాననుకుంటే కుదరదేమోనని అప్పుడు అనిపించింది. నువ్వు రెండు ప్రశ్నలుగా అడిగావు గానీ, అది ఒకటే ప్రశ్న. నాకు అది తెలిసింది కిందటి నెలలో, ఒక నెయిల్ కట్టర్ దగ్గర.

నా పాత ఆఫీసులో నాకంటే సీనియర్ ఒకాయన ఉండేవారు. దేవుడంటే ఆసక్తి లేదు, కోపమూ లేదు. ఆపరేషనై ఆసుపత్రిలో ఉన్నారని తెలిసి వెళ్ళాను. నిజం చెప్పొద్దూ, సంచిలో బైబిలు, జేబులో నాలుగు పాయింట్లు రాసుకున్న కాగితం. సువార్త చెప్పడానికి ఇదే సమయం అని నా లెక్క. కుర్చీ లాక్కుని కూర్చుని, ఎలా ఉన్నారు అని ఒక మాట అడిగేసి, మొదటి పాయింటుకి రాబోతున్నాను. ఆయన తన చేతులు చూపించి, 'గోళ్ళు పెరిగిపోయాయయ్యా, దుప్పటికి తగులుకుంటున్నాయి. వచ్చినవాళ్ళంతా మంచి మాటలు చెప్పి వెళ్తున్నారు. కాస్త కత్తిరిస్తావా?' అన్నారు.

కిందికెళ్ళి నెయిల్ కట్టర్ కొనుక్కొచ్చాను. ఒక చేతికి సెలైన్ సూది, దాని మీద ప్లాస్టర్. ఆ చెయ్యి కదలకుండా నా ఎడమచేత్తో కింద పట్టుకోవాల్సి వచ్చింది. ఒళ్ళంతా వడలిపోయినా బొటనవేలి గోరు మాత్రం రాయిలా ఉంది, రెండుసార్లు నొక్కితే గానీ తెగలేదు. తెగి టప్పున ఎగిరి మంచం కిందకి పోయింది. వంగి వెతుకుతుంటే ఆయన నవ్వారు, కుట్లు లాగాయని మళ్ళీ మూలిగారు. ఇరవై వేళ్ళకీ అరగంట పట్టింది. పాదాల దగ్గరకొచ్చేసరికి, యేసు కాళ్ళు కడగబోతే శిష్యుడు పేతురు కడిగించుకోనని మొరాయించడం గుర్తొచ్చింది. ఈయన మొరాయించలేదు, హాయిగా కళ్ళు మూసుకున్నారు. జేబులో కాగితం సంగతి నేను మర్చిపోయాను.

లేవబోతుంటే ఆయనే, 'ఆ సంచిలో పుస్తకం బయటికి తీయలేదే? ఏదైనా కథ ఉంటే చదువు' అన్నారు. లూకా 15 చదివాను. నోరు కట్టుకుని, ఒక్క ముక్క వివరించలేదు. అంతా విని, 'మరి ఆ పెద్దోడు లోపలికెళ్ళాడా లేదా?' అని అడిగారు.

రాయలేదండీ అన్నాను. కథ అక్కడే ఆగిపోయింది. తమ్ముడికి విందు చేస్తున్నారని అలిగి లోపలికి రాని పెద్దకొడుకుని కూడా నాన్న గుమ్మం దాటి వచ్చి బతిమాలతాడు, అంతే, లోపలికెళ్ళాడో లేదో యేసు చెప్పలేదు. 'బయటే నిలబడ్డాడన్నమాట ఇంకా' అన్నారాయన, పైకప్పు చూస్తూ.

ఒరేయ్, బస్సెక్కి ఇంటికొచ్చేదాకా ఆ మాట నన్ను వదల్లేదు. నేనెప్పుడూ ఆ కథలో చిన్నోణ్ణే అనుకుంటూ వచ్చాను. మా తమ్ముడితో ఇంటి వాటా దగ్గర మాట పడి నాలుగేళ్ళు పలకరింపు లేదని నీకు తెలుసు కదా. ఆ రాత్రి మళ్ళీ చదివాను. పెద్దవాడు 'తమ్ముడు' అనడు, 'ఈ నీ కుమారుడు' అంటాడు. నాన్న దాన్ని దిద్ది, 'ఈ నీ తమ్ముడు' అంటాడు. చురుక్కుమంది. ఈ నాలుగేళ్ళలో అమ్మ వాడి ప్రస్తావన తెస్తే నేనేమనేవాణ్ణో తెలుసా? 'నీ కొడుకు సంగతి నాకు చెప్పకు' అనేవాణ్ణి. అవే మాటలు. పెద్దవాడు 'యిన్ని యేండ్లనుండి నిన్ను సేవించుచున్నానే' అంటాడు చూడు, వాడిదీ కూలి లెక్కే. చిన్నోడు కూలికి కుదురుతానని వచ్చాడు, పెద్దోడు ఇంట్లోనే ఉండి కూలి చేస్తున్నాననుకున్నాడు.

అయినా ఫోన్ చెయ్యలేకపోయాను. మనసు మెత్తబడితే చేద్దామని వారం రోజులు చూశాను. మెత్తబడలేదు.

ఆ వారంలో కోరీ టెన్ బూమ్ పదేపదే గుర్తొచ్చింది. హాలండ్‌లో గడియారాలు బాగుచేసే కుటుంబం వాళ్ళది. యూదుల్ని ఇంట్లో దాచినందుకు 1944లో నాజీలు పట్టుకుపోయారు. తండ్రి పది రోజులకే జైలు నిర్బంధంలో పోయాడు, అక్క బెట్సీ రావెన్స్‌బ్రుక్ క్యాంపులో చనిపోయింది. 1947లో కోరీ మ్యూనిక్‌లో ఒక చర్చిలో క్షమాపణ గురించి మాట్లాడి ముగించాక, ఒకతను ముందుకొచ్చి చెయ్యి చాపాడు. అదే క్యాంపులో కాపలా కాసినవాడు. ఆమె చెయ్యి లేవలేదు. లోపల ప్రేమ చుక్క కూడా లేదు. చెయ్యెత్తడం వరకు నేను చేస్తాను, మిగతాది నువ్వియ్యి ప్రభువా అని ప్రార్థించి, చెక్కలాంటి చేతిని ముందుకు చాపింది. ప్రేమ ఆ తర్వాత వచ్చిందని ఆమే చెప్పుకుంది. నా తగాదా ఆమె గాయం ముందు ఏపాటిది చెప్పు. కానీ వరస గమనించు, చెయ్యి ముందు లేచింది.

పాతకాలంలోనూ ఇంతే. రోమా చక్రవర్తి జూలియన్‌కి క్రైస్తవులంటే గిట్టదు. అతనే 362లో ఒక పూజారికి రాస్తూ, ఈ గలిలయులు (క్రైస్తవుల్ని అలాగే పిలిచేవాడు) తమ పేదల్నే కాక మన పేదల్ని కూడా పోషిస్తున్నారని వాపోయాడు. ఏం బోధిస్తున్నారన్నది కాదు, ఎవరికి పెడుతున్నారన్నదే అతన్ని కుదురుగా ఉండనివ్వలేదు. ప్రసంగాల మీద నాకున్న చిరాకంతా ఇక్కడ వెళ్ళగక్కుతున్నానేమో, వదిలెయ్.

పోయిన గురువారం రాత్రి ఫోన్ తీశాను. మళ్ళీ కాగితమే, నేను మారతానా? మూడు వాక్యాలు రాసుకున్నాను. అందులో రెండోది 'తప్పు నాది కూడా ఉంది' అని. ఆ 'కూడా' కొట్టేసి, మళ్ళీ రాసి, మళ్ళీ కొట్టేశాను. అయిదుసార్లు మోగింది. తియ్యడేమో, బతికిపోయాం అనుకుంటుండగా తీశాడు.

'అన్నయ్యా' అన్నాడు. నాలుగేళ్ళ తర్వాత.

'ఒరేయ్, నేను నీతో ఒకటి చెప్పాలి' అని కాగితం దీపం దగ్గరకి జరిపాను. మొదటి వాక్యం అయింది. రెండోది సగంలో ఉండగా వాడు, 'నీ గొంతేంటి అలా ఉంది? జలుబు చేసిందా? ఆవిరి పట్టావా?' అన్నాడు. జలుబు కాదని వాడికీ తెలుసు. తర్వాత ఏం మాట్లాడుకున్నామో సరిగ్గా గుర్తులేదు. వాడి కూతురు పదో తరగతికి వచ్చిందట. నాకు తెలియనే తెలియదు.

ఇంటి వాటా సంగతి తేలలేదు, దాని ఊసే ఎత్తలేదు. ఎత్తాక మళ్ళీ మాట పడుతుందేమో, పడొచ్చు. వచ్చే నెల వస్తానన్నాడు. ఆసుపత్రి పెద్దాయన ఇంటికొచ్చేశారు. సంఘానికి రాలేదు, వస్తారా రారా అని నేను చూడటమూ మానేశాను. గోళ్ళు మాత్రం పదిహేను రోజులకోసారి నేనే తీస్తున్నాను, అందులో నా పనితనం బాగా పెరిగింది.

నీకు ఇంకా తాకట్లేదంటే కంగారుపడకు. ఎవరి దగ్గరకైనా వెళ్ళాలని ఉండి, మనసు రావట్లేదని ఆగి ఉంటే మాత్రం, ఆ సంగతి నాకు రాయి. ఇద్దరం కలిసే వెళ్దాం.

నా కాగితం బైబిల్లో లూకా 15 దగ్గర మడిచి పెట్టాను. అందులో మూడో వాక్యం ఇంతవరకూ ఎవరికీ చదివి వినిపించలేదు.

చెల్లెమ్మకి నా వందనాలు చెప్పు. నవ్వినా సరే, చెప్పు.

నీ
మిత్రుడు