నీ ఫ్రెండ్స్‌కి ఏం తెలుసని, చిన్నా

చిన్నా,

ఈ మాటలు ఫోన్లో ఎత్తితే "ఏం లేదమ్మా, కటింగ్‌లో ఉన్నా అంతే" అంటావు (కండలు తేలాలని తిండి తగ్గించుకోవడాన్ని మీ జిమ్ వాళ్ళు అలా అంటారట), అక్కడితో అయిపోతుంది. అందుకే రాస్తున్నాను.

నీ తిండి గురించి టెన్షన్ ఉన్న మాట నిజమే, కానీ నీ చుట్టూ మనుషులు తగ్గిపోతున్నారన్న దిగులు దానికంటే ఎక్కువగా ఉంది నాకు. సంక్రాంతికి మన వీధి కుర్రాళ్ళంతా చెరువు గట్టు మీద వంట పెట్టుకుని నిన్ను మళ్ళీ మళ్ళీ పిలిచారు. తలనొప్పి అని చెప్పి, గదిలో తలుపేసుకుని, తూకం వేసుకున్న ఉడకబెట్టిన చికెన్ ఒక్కడివే తిన్నావు. మర్నాడు నీ చిన్నప్పటి స్నేహితుడు వచ్చి, "అత్తా, వాడికి నా మీద కోపమా?" అని నన్నడిగాడు. వాడి పెళ్ళిలో కూడా అక్షింతలు వేసి, భోజనాల బంతి మొదలవకముందే వెళ్ళిపోయావట. మన గోదావరి జిల్లాల్లో పెళ్ళికొచ్చి తినకుండా వెళ్తే ఎంత పట్టింపో నీకు తెలుసు కదరా. ఆ విస్తరి చూస్తే నీకు భయమేసిందని వాడికేం తెలుసు, తనని తక్కువ చేశావనుకున్నాడు.

నువ్వు తిండిని తప్పించుకుంటున్నావు, వాళ్ళకేమో నువ్వు వాళ్ళనే తప్పించుకుంటున్నట్టు ఉంది. మనవాళ్ళు కలిసేదే తిండి దగ్గర. ఆఫీసయ్యాక టీ, జీతం పడితే బిర్యానీ, రంజాన్ నెలలో హలీమ్, ఎవడికి ప్రమోషన్ వచ్చినా పార్టీ. అన్నిటికీ రానన్నవాణ్ణి కొన్నాళ్ళు బతిమాలతారు, తరవాత పిలవడం మానేస్తారు. అప్పుడు నీకు "నేనెవరికీ అక్కర్లేదు" అనిపిస్తుంది, ఆ బాధలో డైట్‌ని ఇంకా గట్టిగా పట్టుకుంటావు, ఎందుకంటే అదొక్కటే నీ చేతిలో ఉన్నట్టు ఉంటుంది.

మొన్న "నాకు జనంలో ఉండటం పడటం లేదమ్మా, నేనింతే" అన్నావు చూడు, ఆ మాట నేను ఒప్పుకోను. క్లాసులో పిల్లలకి ఒక ప్రయోగం గురించి చెప్పేదాన్ని. 1944 నవంబరులో అమెరికాలో మిన్నెసోటా యూనివర్సిటీలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త మొదలుపెట్టాడు. యుద్ధంలో తిండిలేక చిక్కిపోయిన జనాన్ని ఎలా కోలుకునేలా చేయాలో తెలుసుకోవడం కోసం, ఆయుధం పట్టడం మనస్సాక్షికి విరుద్ధమన్న 36 మంది కుర్రాళ్ళు దానికి ఒప్పుకున్నారు. ఒళ్ళూ మనసూ బాగున్నవాళ్ళనే ఏరి తీసుకున్నారు. 24 వారాలు అరాకొరా తిండితో ఉంచేసరికి జోకులు వేసుకునేవాళ్ళు కాస్తా మూగబోయారు, నలుగురిలో కూర్చోవడం విసుగనిపించింది, చిన్నదానికీ చిరాకు, పొద్దస్తమానం తిండి ఆలోచనే, వంట పుస్తకాలు ముందేసుకుని చదివేవాళ్ళు కూడా. (నువ్వు రాత్రి ఒంటిగంటకి ఫోన్లో వంట వీడియోలు చూస్తూ కూర్చోవడం నాకు తెలుసు.) వాళ్ళలో ఎవరి స్వభావమూ అది కాదు, ఆకలి చేసిన పని. మళ్ళీ కడుపునిండా తిండి మొదలయ్యాక కూడా తేరుకోవడానికి నెలలు పట్టింది, కానీ తేరుకున్నారు. ఆడపిల్లలకే వచ్చేదంటారు గానీ కండలు తిరిగిన మగపిల్లాడికీ వస్తుందిరా ఈటింగ్ డిజార్డర్, అంటే తిండి గురించీ ఒంటి గురించీ మనసుని పట్టుకునే జబ్బు. మనిషిని చూసి పోల్చుకోలేం.

ఇంకో సంగతి. అందరం పడుకున్నాక సున్నుండల డబ్బా ఖాళీ అయింది, మర్నాడు నువ్వు పచ్చి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టకుండా జిమ్‌కి పరిగెత్తావు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. పగలంతా కడుపు మాడిస్తే ఒళ్ళు రాత్రికి వసూలు చేసుకుంటుంది, దానికి శిక్షగా మర్నాడు ఇంకా మాడిస్తే మళ్ళీ అదే జరుగుతుంది. దాన్ని దాచుకోవడానికే కదా రూమ్మేట్‌తో కూడా ముభావంగా ఉంటున్నావు.

నిన్ను రేపే బిర్యానీకి వెళ్ళమనను. ముందు తిండితో పనిలేని చోట కలువు, ఆదివారం షటిల్‌కి వెళ్ళు, ఊరికే నడవండి. ఒక్కడికి, ఒక్కడికే, నిజం చెప్పు: "తినడం దగ్గర నాకు ఇబ్బందిగా ఉంది, నా ప్లేటు గురించీ నా ఒంటి గురించీ ఏమీ అనకు, పిలవడం మాత్రం మానకు" అను. ఆ తరవాత టీ, ఆ తరవాత ఎప్పుడో ఒక పూట భోజనం. ఇంట్లో కూడా చిక్కావనో, బాడీ పెంచావనో నిన్ను ఎవరూ అనకూడదని పిన్నికీ బాబాయికీ గట్టిగా చెప్పేశాను.

అయితే ఇదంతా ఫ్రెండ్స్ వల్ల తగ్గే జబ్బు కాదు. సైకియాట్రిస్ట్‌ని కలవాలి, పక్కన డైటీషియన్ ఉండాలి. కళ్ళు తిరుగుతున్నాయన్నావు కాబట్టి రక్తపరీక్షా ఈసీజీ వెంటనే చేయించాలి. వాంతి చేసుకోవడం లాంటిది ఉంటే దాచకుండా డాక్టర్‌కి చెప్పు, పొటాషియం పడిపోతే గుండెకే ప్రమాదం. ముందు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే టెలీ మానస్ అని మనసు బాగోలేనివాళ్ళ కోసం ఫోన్ హెల్ప్‌లైన్ ఉంది, 2022 నుంచి ప్రభుత్వమే నడుపుతోంది, 14416కి చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు.

శనివారం పొద్దున్న బండికి వస్తున్నాను. డాక్టర్ గదిలోకి నువ్వొక్కడివే వెళ్తానంటే బయట కూర్చుంటా. నాన్న కూడా వస్తానంటున్నారు, వద్దనిపిస్తే మొహమాటపడకుండా నాకు మెసేజ్ పెట్టు, నేను చెప్పుకుంటాను. ఈలోగా నీ ఫ్రెండ్‌కి ఒక్కసారి ఫోన్ చెయ్యరా, పెళ్ళి ఫోటోలు నీకు పంపాలా వద్దా అని నన్నడుగుతున్నాడు.

అమ్మ