లాస్ వేగస్ వెళ్లే కుటుంబాలకు ఖర్చు గురించి ఒక మనవి

గ్రూప్ సభ్యులందరికీ నమస్కారం.

వేసవిలో విజయవాడ నుంచి అమెరికాలోని పిల్లల దగ్గరకు వెళ్తూ, మనుమలతో కలిసి లాస్ వేగస్ కూడా చూసి రావాలనుకుంటున్న వారు ముందుగా హోటల్ లెక్కను జాగ్రత్తగా చూసుకోవాలని కోరుతున్నాను. గది అద్దె తక్కువగానే కనిపించినా, దానికి రిసార్ట్ ఫీజు (హోటల్ సౌకర్యాల పేరిట రోజుకింతని వేసే అదనపు రుసుము), పన్ను, చాలా చోట్ల పార్కింగ్ రుసుము కూడా తోడవుతాయి కనుక, మొత్తం ఎంతవుతుందో తెలుసుకున్న తరువాతే బుక్ చేయండి. శుక్ర, శనివారాలు వదిలి ఆదివారం నుంచి గురువారం లోపు వెళ్తే గదులు సాధారణంగా చౌకగా దొరుకుతాయి.

21 ఏళ్లు నిండని వారు క్యాసినోలో ఆడకూడదు, అక్కడ ఆగకూడదు. అయినా పిల్లలకు లోటేమీ ఉండదు: బెల్లాజియో ఎదుట ఫౌంటెన్ల ప్రదర్శన, ఆ హోటల్ లోపలి పూలతోట, ఫ్లమింగో హోటల్‌లోని పక్షుల తోట అన్నీ ఉచితమే. స్ట్రిప్ (పెద్ద హోటళ్లు వరుసగా ఉన్న ప్రధాన వీధి) వెంట తిరగడానికి అక్కడ నడిచే డ్యూస్ అనే సిటీ బస్సు పాసు సరిపోతుంది.

జూలైలో అక్కడి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది; బెజవాడ ఎండకు అలవాటుపడిన పెద్దలైనా నడకను ఉదయానికో రాత్రికో పరిమితం చేసుకోవాలి. 1936లో పూర్తయిన హూవర్ డ్యామ్ దగ్గరలోనే ఉంది. నాగార్జునసాగర్ చూసి పెరిగిన మనం తప్పక చూడవలసిన కట్టడమది. ఒకే వారంలో వెళ్లేవారు తేదీలు ఇక్కడ తెలిపితే, డ్యామ్‌కు ఒకే వాహనం మాట్లాడుకోవచ్చు.