ఒరేయ్ సుబ్బూ, నా పొట్ట ఛాతీకెక్కింది

హైదరాబాద్,
ఆదివారం

ఒరేయ్ సుబ్బూ,

తిట్టుకుంటూ ఉంటావని తెలుసు. దసరాకి నువ్వు రాసిన మెయిల్‌కి సంక్రాంతి వెళ్ళాక జవాబిస్తున్నాను. ఫోన్ చేసి చెప్పేద్దామనే అనుకున్నాను, కానీ పండగ కాగానే అమ్మానాన్న ఇక్కడికి వచ్చేశారు. పక్క గదిలో అమ్మ ఉండగా ఈ సంగతి ఫోన్లో మాట్లాడటం జరిగే పని కాదు. ఆవిడ చెవుల గురించి నీకు నేను చెప్పాలా? ఆ మామిడి తాండ్ర రాత్రి మర్చిపోయావా?

ముందు మామూలు కబుర్లు. నాన్న బీపీ అదుపులో ఉంది. అక్క కూతురు ఎల్‌కేజీలో చేరింది, రోజూ సాయంత్రం ఇంటిల్లిపాదికీ అటెండెన్స్ తీసుకుంటోంది. ఆఫీసులో మేనేజర్ మారాడు, ఈ కొత్తవాడు మరీ... వాడి గురించి ఇంకోసారి. శీనుగాడి పెళ్ళికి నువ్వు రాలేదని అందరూ ఇంకా అంటూనే ఉన్నారు. కాజాల ప్లేటు సంగతి మాత్రం నా నోటి నుంచి రాలేదు, ఒట్టు.

ఇక అసలు విషయం. ఛాతీకి రెండో ఆపరేషన్ చేయించుకున్నాను. అయిపోయింది, బాగానే ఉన్నాను. కంగారుపడి అక్కకి ఫోన్ చెయ్యకు. నీకు ముందే ఎందుకు చెప్పలేదని అది ఇప్పటికే నన్ను దులిపేసింది.

మొదటి ఆపరేషన్ అయిందని నీకు తెలుసు, ఎలా అయిందో తెలియదు. ఛాతీ ఎత్తు కనపడకుండా ఒకదాని మీద ఒకటి వేసుకునే మన రెండు బనియన్ల సంఘానికి అధ్యక్షుణ్ణి నేనే కదా! 2015 పుష్కరాల్లో కోటిలింగాల రేవులో నేను బనియన్‌తోనే మునుగుతుంటే పంతులుగారు విప్పమన్నారు, నువ్వు "వాడికి న్యుమోనియా అండీ" అన్నావు, ఆయన మెట్టు వెనక్కి జరిగారు. అప్పటికి దాని పేరు కూడా నాకు తెలియదు. గైనెకోమాస్టియా అంటారట, మగవాళ్ళలో రొమ్ము గ్రంథి పెరగడం. చాలామంది కుర్రాళ్ళకి మీసాలొచ్చే వయసులో వచ్చి దానంతటదే పోతుంది. నాకు పోలేదు.

ఆ క్లినిక్‌లో, పేరు రాయను, "లైపోసక్షన్ చాలు సార్, గొట్టంతో కొవ్వు లాగేస్తాం, రెండు చిన్న గాట్లు, సాయంత్రానికి ఇంటికెళ్ళిపోతారు" అన్నారు. ఇంటికైతే వెళ్ళాను. వాపు తగ్గేకొద్దీ అసలు రూపం బయటపడింది. కుడివైపు చనుమొన వెనక గడ్డ అలాగే ఉంది, వేలితో నొక్కితే పక్కకి జారుతోంది. ఎడమవైపు చనుమొన కింద గుంట. చొక్కా వేసుకుని ఊరికే నిలబడితే ఏమీ తెలియదు. మెట్రోలో రాడ్ పట్టుకోవడానికి చెయ్యెత్తానా, ఎడమవైపు చర్మం లోపలికి గుంజుకుపోయి టీషర్టు మీద నుంచి కూడా మడత కనిపించేది. ఇదివరకు ఎత్తుని దాచుకునేవాణ్ణి, ఇప్పుడు గుంటని దాచుకోవడం మొదలుపెట్టాను. బనియన్లు మాత్రం రెండే.

క్లినిక్‌కి వెళ్తే "వాపు సార్, మసాజ్ చేసుకోండి" అన్నారు. మళ్ళీ వెళ్తే ఆ డాక్టరే అక్కడ లేడు. రిసెప్షన్‌లో అమ్మాయి ఇంకో ప్యాకేజీ కాగితం చేతిలో పెట్టింది. కొత్తగా వచ్చేవాళ్ళకి ఇచ్చే డిస్కౌంట్ నాకు వర్తించదట! నవ్వాలో ఏడవాలో... సరే, వదిలెయ్.

అప్పుడు అక్క రంగంలోకి దిగింది. ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సి.హెచ్. అనే పైచదువు చేసినవాళ్ళనే వెతికింది, రిజిస్ట్రేషన్ నంబరు మెడికల్ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో సరిచూసింది, వేరేవాళ్ళు పాడుచేసిన కేసులు బాగుచేసిన అనుభవం ఉందా అని ముఖం మీదే అడిగింది. "నా సంబంధం చూసినప్పుడు కూడా మీవాళ్ళు ఇంత విచారించలేదు" అన్నాడు బావ. "అందుకే ఇప్పుడు విచారిస్తున్నాం" అంది అక్క.

తీరా వెళ్ళి చూస్తే డాక్టరు ఆడావిడ. పెద్దావిడ, కళ్ళజోడు ముక్కు చివర వేలాడుతోంది. ఒరేయ్, హాస్టల్లో నీ ముందే చొక్కా విప్పనివాణ్ణి కదా, గుండీల దగ్గరే చెయ్యి ఆగిపోయింది. ఆవిడ కాగితం మీంచి తల కూడా ఎత్తకుండా "నేను చూసేది ఛాతీని బాబూ, నిన్ను కాదు. విప్పు" అన్నారు.

ఆ తర్వాత జరిగింది నీకు చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను. ముందు చేతులు వదిలేసి నిలబడమన్నారు. తర్వాత పైకెత్తమన్నారు. తర్వాత రెండు అరచేతులూ కలిపి గట్టిగా నొక్కమన్నారు, అలా చేస్తే ఛాతీ కండ బిగుసుకుంటుందట. అప్పుడు గదిలో ట్యూబ్‌లైట్ ఆపేసి, మొబైల్ టార్చి పక్క నుంచి వేశారు. పైనుంచి పడే వెలుతురులో కనిపించనివన్నీ పక్క వెలుతురుకి నీడలు పడి బయటపడతాయి. అద్దంలో చూసుకున్నాను. గుంట అంచు, దాని మధ్య సన్నటి గట్టు, చంక వైపు కాన్యులా (కొవ్వు లాగే గొట్టం) పోయిన గీతలు, అన్నీ కనిపించాయి. రెండు వేళ్ళతో చర్మం పట్టుకుని ఎత్తి చూశారు. కుడివైపు లేచింది. ఎడమవైపు లేవలేదు.

"ఇది కండకి అతుక్కుపోయింది" అన్నారు.

అంతేరా. ఇన్నాళ్ళూ అందరూ "ఏం లేదు, బాగానే ఉంది, నువ్వే ఎక్కువ ఆలోచిస్తున్నావు" అన్నవాళ్ళే. నువ్వు కూడా అన్నావు, తప్పుగా అనుకోకు. ఒక మనిషి ఉన్నది ఉన్నట్టు చూసి చెప్పేసరికి నాకు గొంతు పట్టేసింది. అక్క కిటికీ వైపు తిరిగి నిలబడింది.

తర్వాత ఆవిడే కూర్చోబెట్టి చెప్పారు. కొవ్వు మెత్తన, కాన్యులాతో లాగితే వస్తుంది. చనుమొన వెనకుండే గ్రంథి గట్టిది, అది అలా రాదు. చనుమొన చుట్టూ ఉండే నల్లటి భాగం అంచున చిన్నగా కోసి దాన్ని విడిగా తీయాలి. కుడివైపు ఆ పని చెయ్యలేదు. ఎడమవైపు గ్రంథి చిన్నదే, కానీ చర్మం కింద పొర కూడా మిగల్చకుండా కొవ్వంతా లాగేశారు. మధ్యలో ఏమీ లేకపోయేసరికి మచ్చ గట్టిపడి చర్మాన్ని కండకి కట్టేసింది. "తీయాల్సింది మిగిలింది, మిగల్చాల్సింది పోయింది" అన్నారు.

నేను తెలివిగా "గుంట చుట్టూ కూడా ఇంకొంచెం తీసి సమానం చేసేయండి మేడమ్" అన్నాను. కళ్ళజోడు మీంచి చూశారు. "తీసి తీసే ఇక్కడిదాకా వచ్చాం. ఇప్పుడు పెట్టాలి."

పెట్టడం అంటే నా పొట్ట కొవ్వే తీసి ఛాతీలో పెట్టడం. అర్థమైందా? ఇంటర్ నుంచి నువ్వు వెక్కిరించిన ఆ పొట్టే! బావ అయితే "ఎట్టకేలకి దానికో ఉద్యోగం దొరికింది" అన్నాడు.

వెంటనే చెయ్యరట. మొదటి ఆపరేషన్ అయ్యాక కనీసం 6 నెలలు, ఆవిడ లెక్కలో ఏడాది ఆగాలి. ఈలోపు వాపు పూర్తిగా పోవాలి, మచ్చ మెత్తబడాలి, బరువు ఒకేలా నిలబడాలి. తొందరపడితే ఏది వాపో ఏది లోపమో తెలియకుండా కోసినట్టవుతుంది. థైరాయిడ్, లివర్, హార్మోన్ల పరీక్షలూ అల్ట్రాసౌండూ చేయించారు. జిమ్‌లో పౌడర్లు, ఇంజెక్షన్లు ఏమైనా వాడావా అని గుచ్చి గుచ్చి అడిగారు, కొన్ని మందుల వల్ల కూడా ఇది వస్తుందట. నీ నల్ల డబ్బా సంగతి నేను బయటపెట్టలేదు. పాత ఆపరేషన్ కాగితాలు తెమ్మన్నారు. ఆ క్లినిక్ వాళ్ళు ఇచ్చిన అరపేజీలో నా పేరు తప్ప పనికొచ్చే ముక్క ఒక్కటీ లేదు. ఎంత కొవ్వు తీశారో కూడా రాయలేదు. అది చూసి ఆవిడ ఏమీ అనలేదు, కాగితం మడిచి ఫైల్లో పెట్టుకున్నారు. నాకైతే ఒళ్ళు మండింది.

ఆగాను. ఆ నెలల గురించి రాయడానికేమీ లేదు.

ఇక ఆపరేషన్ రోజు. మార్కర్ గీతలు నిలబెట్టే గీస్తారు, పడుకుంటే గుంటలూ ఎత్తులూ సర్దుకుపోయి మోసం చేస్తాయట. నేను బల్ల మీద కూర్చుని వణుకుతుంటే బావ ఫోన్లో చదివి వినిపిస్తున్నాడు: "1920లలో పారిస్‌లో దుజారియే అనే సర్జన్ ఒక డాన్సర్ కాళ్ళు సన్నబెట్టబోతే కుళ్ళుపట్టి, కాలే తీసేయాల్సి వచ్చిందట తెలుసా!" అక్క ఫోన్ లాక్కుంది. అమ్మకి ఎందుకు చెప్పలేదో ఇప్పటికి అర్థమైందనుకుంటా. 2015 జూన్‌లో ఆర్తి అగర్వాల్ పోయినప్పుడు ఆవిడ టీవీ ముందు కూర్చుని ఎంత ఏడ్చిందో నువ్వూ చూశావు కదా. అంతకు కొన్ని వారాల ముందు లైపోసక్షన్ చేయించుకుందని అన్ని చానళ్ళూ చెప్పాయి. ఇక ఆ మాట మా ఇంట్లో ఎత్తగలమా?

పూర్తి మత్తు ఇవ్వలేదు. సగం నిద్ర, మిగతాది తిమ్మిరి మందు. సెలైన్‌లో తిమ్మిరికి లిగ్నోకైన్, రక్తం కారకుండా అడ్రినలిన్ కలిపి ముందు చర్మం కిందకి ఎక్కించారు. చల్లగా పాకింది, చర్మం తెల్లగా పాలిపోయింది. ఈ పద్ధతిని అమెరికాలో క్లీన్ అనే చర్మ డాక్టరు 1987లో ప్రచురించాడని, అంతకు ముందు రక్తం చాలా పోయేదని మత్తు డాక్టరు నాకు కబుర్లు చెబుతున్నాడు. నేను "ఊఁ" కొడుతున్నాను. నా "ఊఁ" మధ్యలో అతుకులు విడదీయడం మొదలైంది. మొన చీలిన సన్నటి కాన్యులా లోపల తిరుగుతుంటే నొప్పి లేదు కానీ గరగరమని శబ్దం, చెవులతో కాదు, ఎముకల్లోంచి వినపడింది. అది మాత్రం నేను మర్చిపోలేను.

పొట్ట నుంచి తీసిన కొవ్వు సిరంజిలని స్టాండులో నిలబెట్టారు. కాసేపటికి పైన నూనె, అడుగున ఎర్రటి నీళ్ళు, మధ్యలో అప్పుడే చిలికి తీసిన వెన్నలా పచ్చగా నా పొట్ట. ఆ మధ్యదే పనికొస్తుంది. ఒక్కసారిగా ముద్దలా పెట్టరు. సన్నటి కాన్యులాతో లోపలికి వెళ్ళి, వెనక్కి లాగుతూ లాగుతూ కొంచెం కొంచెం వదులుతారు, వేర్వేరు లోతుల్లో. ప్రతి చుక్కకీ చుట్టుపక్కల నుంచి రక్తం అందాలి, ముద్ద కడితే మధ్యలోది చచ్చిపోతుంది. ఎంత జాగ్రత్తగా పెట్టినా కొంత కరిగిపోతుంది కాబట్టి కాస్త ఎక్కువే నింపారు. ఇంకో సంగతి, అక్కడ బతికిన కొవ్వు పొట్టలో ఎలా ఉండేదో అలాగే ఉంటుందట, నేను లావైతే అదీ లావవుతుంది. కాబట్టి నువ్వు వచ్చేటప్పుడు పూతరేకులు తెచ్చేముందు నా ఎడమ ఛాతీని అడిగి తీసుకురా.

కుడివైపు గ్రంథి తీసి బయాప్సీకి పంపారు, మామూలుగా పంపేదే, రిపోర్టు బాగానే వచ్చింది.

డబ్బు సంగతి అడక్కు. అందం కోసం చేసేదని ఇన్సూరెన్స్ వాళ్ళు తిప్పి పంపారు. మామూలు వైద్యానికి జీఎస్టీ లేదు, దీనికి మాత్రం 18 శాతం. పుట్టుకతో వచ్చిన లోపానికో, దెబ్బకో అయితే మినహాయింపు ఉందని తెలుసుకుని, "ఇంకో డాక్టరు చేసిన గుంట దెబ్బ కిందకి రాదా?" అని బావ బిల్లింగ్ కౌంటర్ దగ్గర పెద్ద వాదన పెట్టాడు. వెనక క్యూలో వాళ్ళంతా విన్నారు. వాదన ఓడిపోయాం, నా రహస్యం మాత్రం ఆ ఫ్లోరంతా తెలిసిపోయింది.

ఇప్పుడు బిగుతు చొక్కా వేసుకుని ఉన్నాను. ఇక్కడో చిక్కుంది. కుడివైపు నీరు చేరకుండా నొక్కి ఉంచాలి, ఎడమవైపు కొత్త కొవ్వు మీద అస్సలు ఒత్తిడి పడకూడదు. మేడమ్ ఫోమ్ షీటుకి గుండ్రంగా రంధ్రం కోసి ఎడమవైపు లోపల పెట్టారు. అమ్మకి జిమ్‌లో నరం పట్టేసిందని చెప్పాం. ఆవిడ పూటపూటా అమృతాంజనం సీసాతో వచ్చి "విప్పరా, రాస్తాను" అంటుంది. నేను బాత్రూంలోకి పరిగెడుతున్నాను.

ఎలా ఉందంటావా? ఇంకా వాపుంది, ఎడమే ఇప్పుడు ఎత్తుగా ఉంది, చూసుకుంటే భయమేస్తుంది. కరగాల్సింది కరిగి అసలు రూపం తేలడానికి 3 నుంచి 6 నెలలు పడుతుందట, సరిపోకపోతే ఇంకోసారి కొంచెం నింపాలేమో అని ముందే చెప్పారు. "అద్దంలా చదునుగా రాదు. చొక్కా విప్పితే ఎవరూ రెండోసారి తిరిగి చూడనంత బాగుంటుంది" అన్నారు. నాకది చాలు. కానీ నిన్న రాత్రి చెయ్యెత్తి చూశాను, ఎత్తకూడదని తెలిసీ. చర్మం గుంజుకోలేదు రా. కండ మీద కదిలింది. ఇంకొంచెం ఎత్తి చూద్దామని...

ఇదుగో, బావ కింద హారన్ కొడుతున్నాడు. అమ్మానాన్నని గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కించాలి. రెండు సూట్‌కేసులు, ఒక బియ్యం మూట, నేనేమో చెంబు కూడా ఎత్తకూడదు. అవి నేనెందుకు పట్టుకోవట్లేదో అమ్మకి ఏం చెప్పాలో ఇంకా తేలలేదు, బావేదో అంటున్నాడు కానీ వినపడట్లేదు. మిగతాది రేపు. నీ గ్రీన్‌కార్డు సంగతి రాయి.

నీ
అధ్యక్షుడు